నిండుగా ఉన్న గ్లాసు: వృద్ధుల సంరక్షణ గృహాన్ని ఎలా చూడాలి

సభకు నమస్కారం.

నన్ను ఈ ప్రసంగానికి పిలిచిన నిర్వాహకులు 'నర్సింగ్ హోమ్‌లో సేవల నాణ్యత' అన్న శీర్షిక పెట్టారు. మన విశాఖపట్నంలో నర్సింగ్ హోమ్ అంటే మహారాణిపేటలోనో, ఎంవీపీ కాలనీలోనో ఒక డాక్టరుగారు పదీ ఇరవై మంచాలతో నడిపే ఆసుపత్రి. కాన్పుకో, ఆపరేషన్‌కో వెళ్లి నాలుగో రోజుకు ఇంటికి వచ్చేసే చోటు. అమెరికాలో అదే మాటకు అర్థం వేరు. మంచం మీద నుంచి లేవలేనివాళ్లు, తమంతట తాము తినలేనివాళ్లు, మరుపు ముదిరి సొంత బిడ్డల్నే గుర్తుపట్టలేనివాళ్లు ఏళ్ల తరబడి ఉండే ఇంటిని వాళ్లు నర్సింగ్ హోమ్ అంటారు. అలాంటి ఇళ్లు ఇప్పుడు మన ఊళ్లోనూ వృద్ధాశ్రమం, సీనియర్ కేర్, ఎల్డర్ కేర్ అన్న బోర్డులతో నడుస్తున్నాయి. నేను మాట్లాడబోయేది వాటి గురించే. ఈ హాల్లో కూర్చున్నవారిలో చాలామంది స్టీల్ ప్లాంటులోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో పనిచేసి రిటైరైనవారు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, సముద్రాలకు అవతలో ఉన్నవారు. కాబట్టి ఇది మన తల్లిదండ్రుల గురించిన మాట మాత్రమే కాదు, మన గురించి కూడా.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా పనిచేశాను. అయినా మా అత్తగారిని ఒక సంరక్షణ గృహంలో చేర్చినప్పుడు నేను కూడా మోసపోయాను. ఆ ఇంటి పేరు చెప్పను; చెప్పినా ప్రయోజనం లేదు, ఎందుకంటే అలాంటివి ఇంకా ఉన్నాయి. ఆవిడకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. నేను ప్రతి ఆదివారం సాయంత్రం వెళ్లేదాన్ని. ఎప్పుడు వెళ్లినా మంచం పక్క బల్ల మీద స్టీలు గ్లాసులో నీళ్లు నిండుగా ఉండేవి. చూశారా, అడగకుండానే నీళ్లు పెడుతున్నారు అని మా వారితో చెప్పి సంతోషపడ్డాను. నాలుగో ఆదివారం ఎందుకో గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. నీళ్ల మీద సన్నటి దుమ్ము తెర కట్టి ఉంది. బల్ల ఆవిడకు ఎడమ పక్కన, అంటే ఆ చెయ్యి ఎన్నటికీ చేరలేని వైపున ఉంది. పెదవులు చూస్తే బీటలు వారి ఉన్నాయి, డైపరు చూస్తే మూత్రం కొద్దిగా, చిక్కటి పసుపు రంగులో ఉంది. నిండుగా ఉన్న గ్లాసు అంటే ఎవరూ తాగించని గ్లాసు అని నాకు తట్టడానికి నాలుగు వారాలు పట్టింది. వయసు మీదపడ్డవారికి ఒంట్లో నీరు తగ్గినా దాహం అంతగా తెలియదు. అందులోనూ మన ఊరి ఉక్కపోతలో చెమట రూపంలో పోయే నీటికి లెక్క ఉండదు. అడగలేనివారికి గంట గంటకూ నాలుగు గుక్కలు ఎవరో ఒకరు కూర్చుని పట్టించాలి. గ్లాసు పెట్టడం పని కాదు, పట్టించడం పని.

వైద్యసేవల నాణ్యతను ఎలా కొలవాలన్న ప్రశ్నకు 1966లో అవేదిస్ దొనాబేదియన్ అనే వైద్యుడు ఒక దారి చూపించాడు. ఏ వైద్యసేవనైనా మూడు వైపుల నుంచి చూడాలన్నాడు: ఉన్న వసతులు, సిబ్బంది మొదటిది, నిజంగా జరుగుతున్న పని రెండోది, చివరికి రోగికి దక్కిన ఫలితం మూడోది. మనం సంరక్షణ గృహం చూడటానికి వెళ్తే మొదటిదాన్ని చూసి వచ్చేస్తాం, ఎందుకంటే చూపించడానికి వీలైనది అదొక్కటే. ఏసీ గది, లిఫ్టు, గోడకు పెద్ద టీవీ, గుమ్మంలో వినాయకుడి విగ్రహం, మేడమీది నుంచి సముద్రం. సముద్రం కనిపించే గదికి అద్దె ఎక్కువ తీసుకుంటారు గానీ, మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషికి కనిపించేది పైకప్పే.

అమెరికా ప్రభుత్వం 2008 డిసెంబరు నుంచి అక్కడి నర్సింగ్ హోములకు ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇస్తోంది. తనిఖీల్లో దొరికిన లోపాలు, సిబ్బంది సంఖ్య, పడక పుండ్లూ పడిపోవడాలూ వంటి కొలతలు కలిపి ఆ లెక్క కడతారు. మొదట్లో సిబ్బంది ఎంతమందో, ఎన్ని గంటలు పనిచేశారో ఆ సంస్థలే రాసి ఇచ్చేవి. తర్వాత, 2016 నుంచి, జీతాల లెక్కల ఆధారంగా ఆ వివరాలు సేకరించడం మొదలుపెట్టారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే రాసి ఇచ్చిన లెక్క ఎలా ఉంటుందో వార్డులో పనిచేసినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. మా అత్తగారి మంచానికి ఒక అట్ట తగిలించి, దాని మీద రెండేసి గంటలకు ఒకసారి ఆవిడను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పినట్టు టిక్కులు పెట్టేవారు. నేను చూసినప్పుడు సాయంత్రం 5 గంటలు. రాత్రి 10 గంటల దాకా టిక్కులు పడిపోయి ఉన్నాయి, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో. అందుకని చార్టు అడిగి చూడండి గానీ, గోడ గడియారం కూడా పక్కనే చూడండి.

పడక పుండు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒక ఇంటి సేవ ఎలాంటిదో చెప్పడానికి నా దృష్టిలో దీన్ని మించిన సాక్ష్యం లేదు. మనిషి కదలకుండా పడుకున్నప్పుడు నడుము కింది ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలుగుతుంది, అక్కడికి రక్తం అందదు. తుంటి, మడమలు, చీలమండలు, భుజం ఎముక, తల వెనక భాగం కూడా అంతే. దానికి తోడు తడి డైపరు గంటల తరబడి ఉంటే చర్మం నానిపోతుంది. తలవైపు మంచం బాగా ఎత్తి పెడితే ఒళ్లు కిందికి జారుతూ లోపలి పొరలు ఒరుసుకుంటాయి. పుండు పైకి కనిపించే ముందు ఒక ఎరుపు వస్తుంది. వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉందని, నొక్కినా తెల్లబడకపోతే లోపల దెబ్బతినడం మొదలైందని అర్థం. అయితే పుస్తకంలో రాసిన ఈ ఎరుపు మన చామనఛాయ ఒంటి మీద సరిగ్గా కనపడదు. అందుకని రంగు ఒక్కటే చూడకుండా, ఆ చోటు చుట్టుపక్కల చర్మం కంటే వేడిగా ఉందా, గట్టిగా గానీ మెత్తగా గానీ తగులుతోందా, నల్లబడిందా అని చేత్తో తడిమి చూడాలి. 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు నర్సులు ఈ ప్రమాదాన్ని ముందుగానే అంచనా కట్టే ఒక కొలమానం ప్రచురించారు. స్పర్శ, తడి, నడక, మంచంలో కదలిక, తిండి, ఒరిపిడి అన్న ఆరు విషయాలకు మార్కులు వేసి కూడితే 6 నుంచి 23 వరకు వస్తుంది; 18, అంతకంటే తక్కువ వస్తే జాగ్రత్తపడాలి. దీనికి యంత్రం అక్కర్లేదు, ఒక కాగితం, ఐదు నిమిషాలు చాలు. చేర్చుకునే రోజున ఇలాంటి అంచనా ఏదైనా వేస్తారా అని అడగండి. ఎయిర్ బెడ్ ఉందండీ అని జవాబిస్తే, సంతోషం, పక్క ఎవరు మారుస్తారు అని మళ్లీ అడగండి. ఎయిర్ బెడ్ ఉన్నా మనిషిని తిప్పాల్సిందే.

తిండి సంగతి. గోడ మీద మెనూ చదవడం కాదు, మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్లి భోజనాల వేళ చూడండి. చెయ్యి వణికే మనిషి ముందు కంచం పెట్టి, అరగంట తర్వాత అలాగే తీసుకుపోతున్నారా, పక్కన కూర్చుని కలిపి పెడుతున్నారా? మింగడం కష్టమైనవారిని లేపి కూర్చోబెట్టి పెడుతున్నారా, పడుకున్నవారి నోట్లోనే రాగిజావ పోస్తున్నారా? పడుకోబెట్టి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియాకు దారితీస్తుంది. నెలకొకసారి తూకం వేస్తున్నారో లేదో అడగండి. నెలలో బరువు 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే డాక్టరుకు చూపించాల్సిన విషయం. అంటే యాభై కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గినా అనుమానించాలి. తూకం యంత్రమే లేని ఇల్లు ఈ లెక్క ఎప్పటికీ చెప్పలేదు.

మరుపు ముదిరినవారు రాత్రిళ్లు లేచి తిరుగుతారు, అరుస్తారు. వాళ్ల చేతులు మంచానికి కట్టేస్తున్నారా, మత్తు మాత్రలు వేసి పడుకోబెడుతున్నారా అన్నది కనిపెట్టాలి. పగలు పదకొండు గంటలకు వెళ్తే హాలంతా నిద్రపోతూ ఉంటే అది ప్రశాంతత అనుకోకండి. ఏ మాత్ర, ఎంత, ఏ డాక్టరు రాశారు అని కాగితం చూపించమనడం మన హక్కు.

అసలు విషయం రాత్రి తెలుస్తుంది. పగలు పదిమంది తిరిగే ఇంట్లో రాత్రి ఎంతమంది ఉంటారు? మా అత్తగారు ఉన్నచోట ఒక రాత్రి ఎనిమిదిన్నరకు చెప్పకుండా వెళ్లాను. గేటు తీయడానికి పది నిమిషాలు పట్టింది. పై అంతస్తులో ఒక్క ఆయా, విజయనగరం దగ్గరి పల్లె అమ్మాయి, చేతికి గ్లౌజులతోనే ఎదురొచ్చింది. కోపంగా అడిగాను, ఏమ్మా, మామ్మగారి పక్క ఎప్పుడు మార్చావు అని. ఆ పిల్ల తల దించుకోలేదు. "పద్దెనిమిది మందున్నారమ్మా, ఒక్కదాన్ని ఏటని సూసుకోను? తిప్పడానికైనా ఇంకో సెయ్యుండాల కదా" అంది. నా కోపం అక్కడితో దిగిపోయింది. ఆమె చెప్పింది నిజం. బరువున్న మనిషిని ఒక్కరే పక్కకు తిప్పితే ఒరుసుకుని చర్మం చిట్లుతుంది, తిప్పిన మనిషి నడుమూ పోతుంది. పద్దెనిమిది మందిని రెండేసి గంటలకు ఒకసారి తిప్పాలంటే ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు వేసుకున్నా గంటన్నర అందులోనే పోతుంది. డైపర్లు, మంచినీళ్లు, అరుపులు మిగతా అరగంటలో చూడాలి. టిక్కులు ముందే ఎందుకు పడ్డాయో ఆ లెక్కలో ఉంది. అందుకే నేను యజమానిని అడగమనే మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు: రాత్రి డ్యూటీలో ఎంతమందికి ఎంతమంది? రెండోది, ఆయాలు ఇక్కడ ఎన్నాళ్ల నుంచి పనిచేస్తున్నారు? రెండోదానికి జవాబు యజమాని దగ్గర కాదు, ఆయాల దగ్గర తీసుకోండి. మూణ్ణెల్లకొకరు మారిపోయే చోట ఏ మామ్మగారికి ఏ పక్క నొప్పో ఎవరికీ గుర్తుండదు.

వాసన గురించి కూడా ఒక మాట. ఒక మూల మూత్రం వాసన వస్తే అది ఇప్పుడే జరిగిన పని, శుభ్రం చేస్తారు. ఇల్లంతా వస్తే అది అలవాటు. ఇల్లంతా ఫినాయిల్ గుప్పుమంటే మీరు వస్తున్నట్టు వాళ్లకు ముందే తెలుసు.

ఇక చట్టం. చికిత్స చేసే ప్రైవేటు ఆసుపత్రులు, నర్సింగ్ హోముల నమోదుకు మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం ఉంది. వృద్ధుల విషయంలో 2007లో కేంద్రం తెచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా ప్రభుత్వం ఆశ్రమాలు నెలకొల్పవచ్చని, వాటిలో ఉండాల్సిన ప్రమాణాలను నిర్ణయించవచ్చని అందులోని 19వ సెక్షన్ చెబుతుంది. 'వచ్చు' అన్న మాటను గమనించండి. ప్రైవేటు సంరక్షణ గృహాలను నమోదు చేసి కనీస ప్రమాణాలు పెట్టాలన్న సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది గానీ చట్టం కాలేదు. కాబట్టి నక్షత్రాల పట్టిక చూసి ఎంచుకునే సౌకర్యం మనకు లేదు, చూసే కళ్లు మనవే కావాలి. కష్టం వచ్చినప్పుడు వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. పిల్లలు పట్టించుకోకపోతే పోషణ కోసం ఈ చట్టం కింది ట్రైబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు.

చేర్చే ముందు ఒప్పందం కాగితంలో ఒక్క విషయం రాయించుకోండి. అర్ధరాత్రి ఊపిరి అందకపోతే 108 ఎవరు పిలుస్తారు, కేజీహెచ్‌కో మరో ఆసుపత్రికో వెంట ఎవరు వెళ్తారు, బంధువులు చేరేదాకా పక్కన ఎవరు ఉంటారు? అటెండరును మీరే పంపాలి అని చాలామంది అంటారు. కొడుకు డల్లాస్‌లో ఉంటే ఆ మాటకు అర్థం ఏమిటో మీకు తెలుసు.

మా అత్తగారిని అక్కణ్ణుంచి తీసుకొచ్చేసి, సింహాచలం వైపున్న ఒక చిన్న ఇంట్లో చేర్చాం. టీవీ చిన్నది, లిఫ్టు లేదు, పన్నెండు మందికి రాత్రి ఇద్దరు ఉండేవారు. మొదటి ఇంట్లో పేలు పడతాయని, దువ్వడానికి టైం ఉండదని, అడక్కుండానే ఆవిడ జడ కత్తిరించేసి నైటీ తొడిగారు. ఇక్కడి ఆయా మొదటి రోజునే బల్లను కుడి పక్కకు జరిపింది, మామ్మగారూ మీకు చీరే అలవాటా అని అడిగింది. వారానికి రెండు సార్లు పాత వాయిల్ చీర చుట్టబెట్టి వీల్‌చైర్‌లో వరండాలోకి తెచ్చేవారు. ఆ ఇంట్లోనూ లోపాలున్నాయి. ఒకసారి బీపీ మాత్ర రెండు రోజులు వేయడం మరిచిపోయారు. కానీ ఆ సంగతి వాళ్లే ఫోన్ చేసి చెప్పారు.

నేను చెప్పిన ఆరు విషయాల మార్కుల కాగితం తెలుగులో రాసి, జిరాక్సులు తీయించి తెచ్చాను. తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. కావలసినవారు తీసుకోవచ్చు. ప్రశ్నలు ఉంటే ఇప్పుడే అడగండి, వెనక వరుసల్లో ఉన్నవారు దయచేసి కొంచెం గట్టిగా చెప్పండి.