సుత్తి దెబ్బతో అచ్చైన వెండి నాణేలు: శ్రోతల ప్రశ్నలు, నిపుణుల సమాధానాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. యంత్రాలు రాకముందు టంకశాలలో మనిషి చేతి దెబ్బతో తయారైన వెండి నాణేల గురించి మీ సందేహాలకు సమాధానాలు చెప్పడానికి నాణేల పరిశోధకులు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ వరంగల్ నుండి.

శ్రోత (వరంగల్): నమస్కారమండీ. మా అత్తగారి పెట్టెలో పదకొండు పాత వెండి రూపాయలు దొరికాయి. ఒక్కటీ సరిగా గుండ్రంగా లేదు, అక్షరాలు అంచుల దగ్గర తెగిపోయాయి, కొన్నింటి మీద చిన్న చిన్న గాట్లున్నాయి. అన్నీ నల్లబడి ఉంటే ఒకదాన్ని చింతపండుతో తోమాను. మిగతావి కూడా తోమమంటారా? ఇవి నకిలీవేమోనని అనుమానంగా ఉంది.

నిపుణులు: మిగతా పదింటినీ దయచేసి అలాగే ఉంచండమ్మా. ఆ నలుపు మురికి కాదు, గాలిలోని గంధకంతో కలిసి వెండి మీద ఏర్పడిన పొర. చింతపండు పులుపూ, మీ చేతి రాపిడీ కలిసి ఆ పొరతో పాటు అక్షరాల మీది సన్నని వెండినీ తీసేస్తాయి. అలా పోయినదాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

ఇక మీ అనుమానానికి వస్తాను. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు పెట్టి, నడుమ వెండి బిళ్ళనుంచి సుత్తితో కొట్టేవారు. అచ్చు బిళ్ళకంటే పెద్దది కావడం వల్ల రాతలో కొంత భాగమే నాణెం మీద పడేది. కాబట్టి అక్షరాలు తెగిపోవడం దోషం కాదు. గాట్లంటారా, అవి చాలావరకు షరాబులు, అంటే డబ్బు మార్చే వ్యాపారులు, వెండిని పరీక్షించి వేసిన గుర్తులు. ఆ రూపాయి ఎన్ని చేతులు మారిందో చెప్పే సాక్ష్యాలుగా నేను వాటిని ఇష్టంగా చూస్తాను. నాణెం మీద 92 అనే అంకె కనిపిస్తుందేమో చూడండి. హైదరాబాదు రూపాయల మీద 1857 తిరుగుబాటు వరకు మొగలు చక్రవర్తి పేరుండేది. ఆ తరువాత దాని స్థానంలో నిజాముల బిరుదైన ఆసఫ్ జా పేరు, 92 అంకె వచ్చాయి. అరబీ అక్షరాలకు విలువ కట్టే పద్ధతిలో మహమ్మద్ అనే పేరుకు వచ్చే సంఖ్య అది. చార్మినార్ బొమ్మతో, యంత్రం మీద ముద్రించిన రూపాయలు 20వ శతాబ్దం తొలి ఏళ్ళ నుండే వాడుకలోకి వచ్చాయి. వాటికంటే ముందువి మీ అత్తగారి పెట్టెలో ఉండటం వింతేమీ కాదు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ సంచుల్లో మాత్రం పెట్టకండి, ఒక్కొక్కదాన్ని విడిగా కాగితం పొట్లంలో దాచండి.

వ్యాఖ్యాత: తరువాతి శ్రోత ఇంగ్లండు నుండి మాట్లాడుతున్నారు.

శ్రోత (లింకన్‌షైర్): నమస్కారం సార్. మాది గుంటూరు. ఇక్కడ రైతు అనుమతి తీసుకొని, లోహాలను పసిగట్టే యంత్రంతో పొలంలో వెతుకుతుంటే ఒకటవ ఎడ్వర్డు కాలపు వెండి పెన్నీ దొరికింది. సంక్రాంతికి ఊరికి వచ్చేటప్పుడు ఆ యంత్రం తెచ్చుకొని అమరావతి చుట్టుపక్కల వెతకాలని, మా తాతగారి పాత నాణేలను తిరుగు ప్రయాణంలో తెచ్చుకోవాలని ఆశ.

నిపుణులు: ఆ రెండు ఆశలనూ వదులుకోమనే చెప్పాలి బాబూ. మీ పెన్నీ 1279లో ఆ రాజు చేసిన నాణేల సంస్కరణ తరువాతిదైతే, వెనుకవైపు అంచుదాకా సాగిన శిలువ, దాని చుట్టూ టంకశాల ఉన్న ఊరి పేరు ఉంటాయి. ఇంగ్లండులో ఒక్క నాణెం దొరికితే సాధారణంగా అది నిధుల గురించిన ట్రెజర్ చట్టం కిందికి రాదు. 300 ఏళ్ళు దాటిన వెండి లేక బంగారు నాణేలు ఒకే చోట రెండు దొరికినా 14 రోజుల్లో అక్కడి విచారణాధికారి అయిన కరోనర్‌కు తెలపాలి. ఒక్కటే దొరికినా, జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ వారి స్థానిక అధికారికి చూపించి, దొరికిన చోటుతో సహా నమోదు చేయించండి.

మన దగ్గర పద్ధతి వేరు. రక్షిత కట్టడాల ఆవరణల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని దేశం దాటించకూడదు. అమరావతిలో దొరికిన విద్ధాంక నాణేల, అంటే గుర్తులను విడివిడిగా కొట్టిన ప్రాచీన వెండి నాణేల రాశిలో 7,000కు పైగా నాణేలు చెదిరిపోకుండా ఒక్కచోట నిలవబట్టే, పరిశోధకులు 1960లలో వాటిని పరిశీలించి, గుర్తుల వారీగా వర్గీకరించగలిగారు. ఎవరికి దొరికినవి వారు జేబులో వేసుకొని పోయి ఉంటే ఆ పని సాధ్యమయ్యేది కాదు.

వ్యాఖ్యాత: చివరి ఫోన్, పెద్దపల్లి జిల్లా నుండి ఒక రైతు.

శ్రోత (పెద్దపల్లి): నమస్తే సార్. పొలంలో బోరు గుంత తీస్తుంటే పగిలిన కుండలో చిన్న వెండి ముక్కలు దొరికినయి. పలకల్లెక్క ఉన్నయి, మూలలు కత్తిరించినట్టున్నయి, మీద సూర్యుని లాంటి గుర్తులున్నయి. తూకానికి కొంటామని ఒకాయన వచ్చిండు. ఫోటోలు గ్రూపుల పెట్టాల్నా?

నిపుణులు: అయ్యా, మీరు అమ్మకుండా మాకు ఫోన్ చేసినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు చెప్పిన పోలికలను బట్టి అవి విద్ధాంక నాణేలు కావచ్చు. వెండి రేకును ముక్కలుగా కోసి, తూకం సరిపోయేలా మూలలు కత్తిరించి, ఒక్కో గుర్తును విడివిడిగా కొట్టేవారు. మామూలుగా ఒక్కొక్కటి సుమారు 3.4 గ్రాములు తూగుతుంది. మీ జిల్లాలోని పెద్దబంకూరు తవ్వకాల్లో వేల సంఖ్యలో నాణేలు బయటపడ్డాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో స్థానిక చరిత్రాభిమాని ఏరి దాచిన నాణేలను శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదవబట్టే, శాతవాహనులకు ముందు అక్కడ గోబద, నారన అనే పాలకులుండేవారని తెలిసింది. అవి వెండివి కావు. అయినా ఎక్కడ దొరికాయో తెలియకపోతే ఆ చరిత్ర దక్కేది కాదు.

భూమిలో దొరికిన సొత్తు విలువ 10 రూపాయలు దాటితే, ఏమి దొరికిందో, ఎక్కడ, ఏ రోజున దొరికిందో రాసి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. దాచిపెడితే ఏడాది దాకా జైలు పడవచ్చు. ప్రభుత్వమే ఆ సొత్తును తీసుకోదలిస్తే, ఆ లోహపు విలువకు అయిదో వంతు కలిపి చెల్లించే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. ఫోటోలు తప్పకుండా తీయండి, పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా తీయండి. అయితే కలెక్టరుకు చేరేదాకా గ్రూపుల్లో పెట్టకండి, మీ పొలం రాత్రికి రాత్రి గుంతలమయమవుతుంది.

శ్రోత (పెద్దపల్లి): రేపు పొద్దున్నే పోత సార్. ఆ కుండ పెంకులు పారేసిన, గట్టు మీద పడున్నయి.

నిపుణులు: వెంటనే ఏరి దాచండి. నాణేలను కుండలో ఏ కాలంలో పాతిపెట్టారో ఊహించడానికి ఆ పెంకులే ఆధారం. గుంతను కూడా పురావస్తు శాఖ వారు చూసేదాకా పూడ్చకండి.