దానం అనుకున్నాం, మేర దగ్గర ఆగాం

అక్క: అందరికీ నమస్కారం. ఈ వారం ఇవ్వడం గురించి మాట్లాడుకుందాం. దానం, ధర్మం, భిక్ష, చందా, విరాళం, జకాత్... మనకు ఎన్ని మాటలున్నాయో, దేనికి ఏది వాడతామో చూద్దామని.

తమ్ముడు: చూద్దాం. అయితే దానికి ముందు కేసీ కాలువ, అదే మన కర్నూలు-కడప కాలువ...

అక్క: అప్పుడేనా! ఉగ్గాని ఎపిసోడ్‌ని కూడా ఆ కాలువ మొదలయ్యే సుంకేసుల దాకా తీసుకుపోయావు.

తమ్ముడు: సంబంధం ఉంది కాబట్టే తీసుకుపోయినా. సరే, నువ్వు చెప్పు.

అక్క: జకాత్‌తో మొదలుపెడతా. ఏడాది పాటు చేతిలో నిలిచిన సంపదలో నలభయ్యో వంతు, అంటే రెండున్నర శాతం, తీసి ఇవ్వాలి. స్తోమత ఉన్నవాళ్ళకు అది తప్పనిసరి. ఆపైన ఇష్టంగా ఇచ్చుకునేది సదఖా. ఫిత్రా అయితే రంజాన్ పండుగ నమాజుకు ముందే ఇచ్చేయాలి, ఆ రోజు పేదవాళ్ళ ఇంట్లోనూ పండుగ జరగాలని. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. ఇచ్చేవాళ్ళ మూడ్‌తో పని లేదు.

తమ్ముడు: మరి మన బుడ్డా వెంగళరెడ్డి? ఆయనకెవరు లెక్క చెప్పారు?

అక్క: ఆయన్ను ఎట్లా వదిలేస్తా! ఉయ్యాలవాడ మనిషి, 1866 కరువులో వేలమంది ఆకలి తీర్చాడు. ఆయన మీద కట్టిన పాట ఇంకా బతికే ఉంది.

తమ్ముడు: ఆ తర్వాత పదేళ్ళకు ధాత కరువు. 1876 నుంచి 78 దాకా. బళ్ళారి, కర్నూలు, కడప నాశనమైపోయాయి. అప్పుడు సర్కారు చేసిన ధర్మం చెప్పనా? రిచర్డ్ టెంపుల్ అని పెద్ద అధికారి వచ్చి, 1877 మొదట్లో కరువు పనుల కూలి తగ్గించేశాడు. మగమనిషి రోజంతా పనిచేస్తే ఒక పౌను గింజలు, ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా కాదు.

అక్క: దాన్ని ధర్మం అనొద్దు. పని చేయించుకుని ఇచ్చింది.

తమ్ముడు: వాళ్ళు సాయం అనే అన్నారు. మద్రాసులో కార్నిష్ అనే డాక్టరు, ఈ తిండితో మనిషి పని చేయలేడని గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తర్వాత గానీ కూలి పెంచలేదు. ఈలోపు పోయినవాళ్ళు పోయారు. ఇంకోటి విను. అప్పటికి కేసీ కాలువ తవ్వడం అయిపోయింది. కంపెనీ వాళ్ళు లాభం కోసం తవ్వారు. 1882లో సర్కారు కొనుక్కుంది. ఊరూరికీ నీళ్ళు పారి ఉంటే గంజి పోసే అవసరమే రాదు. నేనెప్పుడూ చెప్పేది ఇదే. దానం గురించి మాట్లాడే ముందు నీళ్ళ గురించి మాట్లాడాలి.

అక్క: వెంగళరెడ్డి గడప ముందు బిడ్డనెత్తుకుని నిలబడిన తల్లికి కాలువ గురించి చెప్తావా?

తమ్ముడు: ఆ పూటకు గంజే పోయాలి. వచ్చే ఏడు ఏం చేస్తావు?

అక్క: వచ్చే ఏటి దాకా బతకాలి కదరా!

తమ్ముడు: బతకాలి. బతికి మళ్ళీ అదే గడప దగ్గరికి రావాలా అక్కా? వంద ఏళ్ళు గంజి పోసినా చేయి చాచేవాళ్ళు చాస్తూనే ఉంటారు. నాకు మండేది అక్కడే.

అక్క: అరవొద్దు, మైకు దగ్గరుంది.

తమ్ముడు: అరవట్లేదు.

అక్క: నీకు మన కల్లం గుర్తుందా?

తమ్ముడు: లీలగా. నేను చిన్నోణ్ణి.

అక్క: బట్టలుతికే అవ్వ చాట తీసుకుని వచ్చేది. వడ్లు తూర్పారబట్టడం కాగానే నాయన ముందుగా ఆమె మేర, అంటే ఆమెకు రావాల్సిన వడ్లు, కొలిచేవాడు. ఆమె తల ఎత్తుకునే నిలబడేది. తక్కువ పడితే "ఇంకో చాట పొయ్యి రెడ్డీ" అని అడిగేది, నాయన పోసేవాడు. ఏడాదంతా చేసిన పనికి అది ఆమె హక్కు. కోత అయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకుంటే పరిగె. అది అడిగి తీసుకునేది కూడా కాదు.

తమ్ముడు: మిషన్ వచ్చాక కల్లమే లేదు కదా.

అక్క: అదే చెప్తున్నా. మిషన్ చేలోనే కోసి, నూర్చి, ట్రాక్టర్‌లో పోస్తుంది. వడ్లు అట్నుంచి అటే వ్యాపారి దగ్గరికి పోతాయి. అవ్వ చాట యాడ పట్టాల? ఆ ఏడాది ఆమె మన ఇంటికొచ్చింది. వాకిట్లో, గోడ పక్కన నిలబడింది. "ఏమన్నా ఉంటే పెట్టమ్మా" అంది. అమ్మ బస్తాలోంచి బియ్యం తీసి ఇచ్చింది. కల్లంలో వచ్చేదానికంటే ఎక్కువే. అవ్వ మాత్రం రెండు చేతులూ జోడించింది. కల్లంలో ఏ రోజూ జోడించలేదు.

తమ్ముడు: ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే.

అక్క: నువ్వు హాస్టల్లో ఉన్నావు.

తమ్ముడు: అయితే అమ్మ ఇచ్చింది దానమా, మేరనా?

అక్క: మేరే. కల్లం పోతే బాకీ పోతుందా?

తమ్ముడు: అవ్వకు అట్లా అనిపించి ఉంటే చేతులు జోడించేదా?

అక్క: అమ్మ మేర అని చెప్పి ఇచ్చి ఉండాల్సింది. "నీ మేర తీసుకో అవ్వా" అని.

తమ్ముడు: చెప్పినంత మాత్రాన అయిపోతుందా? మిషన్‌తో మిగిలిన కూలి డబ్బులు ఎవరి జేబులోకి పోయాయి? మన జేబులోకే కదా. ఆ నీళ్ళు కేసీవి, ఆ పంట...

అక్క: మళ్ళీ కాలువ!

తమ్ముడు: కాలువ కింద పండినదానికి అవ్వకు కూడా...

అక్క: ఆగు, అమ్మ ఫోన్ చేస్తోంది. విరాళం, చందా మాటలు వచ్చే వారం చూద్దాం. హలో, అమ్మా... లేదు, ఇంకా తినలేదు...