ఆన్‌లైన్ పరీక్షకు కాలేజీలో ముందుగా సిద్ధం కావలసింది

ప్రిన్సిపాళ్లకు, అధ్యాపకులకు, పరీక్షల విభాగం వారికి నమస్కారం.

ఎలక్ట్రానిక్ మూల్యాంకనం, అంటే కంప్యూటర్ మీద పరీక్ష పెట్టి దిద్దడం, అనగానే కాలేజీల్లో మొదట వినిపించే ప్రశ్న "ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?" అన్నది. దాని సంగతి చివర్లో రెండు మాటల్లో చెబుతాను, అంతకు మించి అక్కర్లేదు కూడా. ఆన్‌లైన్ పరీక్షలు మొదలుపెట్టి ఏడాది తిరగకుండానే మళ్లీ కాగితం వైపు మళ్లిన చోట్ల నాకు ఎక్కువగా కనిపించిన కారణం ఒకటే. యంత్రాలకు డబ్బు కేటాయించారు గానీ, ప్రశ్నలు రాయడానికి అధ్యాపకులకు సమయం కేటాయించలేదు.

యంత్రంతో జవాబులు దిద్దించడం కొత్త విద్యేమీ కాదు. పెన్సిల్ గీతలోని గ్రాఫైటు గుండా విద్యుత్తు ప్రవహిస్తుందన్న చిన్న విషయం ఆధారంగా, 1930లలో రెనాల్డ్ జాన్సన్ అనే అమెరికన్ సైన్సు టీచరు జవాబు పత్రాలు దిద్దే యంత్రాన్ని తయారు చేశారు. ఐబీఎం ఆ ఆలోచననూ తీసుకుంది, ఆయననూ ఉద్యోగంలోకి తీసుకుంది. 1956లో వచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్కు కూడా ఆయన నడిపించిన బృందానిదే. పేపర్లు దిద్దే విసుగు మనిషిని ఎంత దూరమైనా తీసుకెళ్తుందన్నమాట! దిద్దే బాధ ఆనాడే చాలావరకు తీరింది. ప్రశ్న రాసే శ్రమ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఒక ప్రశ్న చూద్దాం. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. బంతి అన్నిటికంటే ఎత్తుకు చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత? జవాబు అందరికీ తెలిసిందే: సెకను వర్గానికి 9.8 మీటర్లు, కింది దిశలో. తొందరలో ఉన్న అధ్యాపకుడు దీని పక్కన తప్పు జవాబులుగా 8.9, 98, 0.98 అని మూడు అంకెలు పడేస్తాడు. ఆ ప్రశ్న ఇక 9.8 అనే అంకె గుర్తుందా లేదా అన్నదే కొలుస్తుంది. కాస్త తీరిక ఉన్న అధ్యాపకుడు వేరే ఐచ్ఛికాలు పెడతాడు. సున్నా. అంతే పరిమాణం, కానీ పై దిశలో. బంతి ద్రవ్యరాశిని బట్టి మారుతుంది. ఇప్పుడు ఒక్కో తప్పు జవాబుకూ ఒక్కో అర్థం వచ్చింది. సున్నా అన్న విద్యార్థి వేగాన్నీ త్వరణాన్నీ ఒకటిగా అనుకుంటున్నాడు. పై దిశ అన్నవాడు చెయ్యి ఇచ్చిన బలం ఇంకా బంతిలో మిగిలి ఉందనుకుంటున్నాడు. ద్రవ్యరాశి అన్నవాడు బరువైనవే త్వరగా పడతాయన్న నమ్మకంలో ఉన్నాడు. తరగతిలో సగం మంది సున్నా ఎంచుకున్నారంటే మర్నాడు ఏ పాఠం చెప్పాలో అధ్యాపకుడికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

సున్నా ఎంచుకున్న విద్యార్థికి వెంటనే తెరమీద ఏం కనబడాలి? "తప్పు" అన్న ఒక్క మాటా? "వేగం సున్నా అయిన మాట నిజమే. మరి త్వరణం కూడా సున్నా అయితే బంతి తిరిగి కిందికి రావడం ఎలా మొదలైంది?" అన్న రెండు వాక్యాలా? ఆ రెండు వాక్యాలూ ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. ఇలాంటి ప్రశ్న ఒక్కటి రాయడానికి అరగంట పట్టినా నేను ఆశ్చర్యపోను. అందుకే అధ్యాపకులకు కాలేజీ చేసే సహాయం మొట్టమొదట టైమ్‌టేబుల్‌లో కనబడాలంటాను. వారానికి రెండు పీరియడ్లు ప్రశ్నల బ్యాంకు కోసం తీసిపెట్టి, ఒకరు రాసిన ప్రశ్నను అదే విభాగంలో మరొకరు చదివి చూసే ఏర్పాటు చేయండి. రాసినవారి కంటికి ఆనని తిరకాసు పక్కవారికి ఇట్టే దొరుకుతుంది.

పరీక్ష అయ్యాక కూడా ఒక పని ఉంది. చాలా కాలేజీలు దాని జోలికే పోవు. మొత్తం మార్కుల్లో పైన నిలిచిన 27 శాతం మందిని, అట్టడుగున ఉన్న 27 శాతం మందిని తీసుకుని, ఒక్కో ప్రశ్నకు ఏ వర్గంలో ఎంతమంది సరిగ్గా రాశారో పోల్చి చూస్తారు. బాగా చదివేవారు తప్పి, చదవనివారు ఒప్పు రాసిన ప్రశ్న కనబడిందంటే అనుమానించవలసింది విద్యార్థులను కాదు. జవాబుల కీ తప్పయినా ఉండాలి, ప్రశ్నకు రెండు అర్థాలైనా ఉండాలి. కీ సరిచేసి తిరిగి దిద్దించడం కంప్యూటర్‌కు నిమిషాల పని. అయితే ఆ నివేదిక తెరిచి చూసే మనిషి ఉండాలి. ముప్పై మంది ఉన్న తరగతిలో ఈ లెక్కలు ఊగిసలాడతాయి, కాబట్టి వాటిని తీర్పులుగా కాక సూచనలుగా తీసుకోండి.

తెలుగులో టైపు చేసే జవాబుల విషయంలో మరో చిక్కు ఉంది. "ఆక్సిజన్" అని ఇద్దరు విద్యార్థులు రాశారు. తెరమీద రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకరికి మార్కు వచ్చింది, ఒకరికి సున్నా. కారణం ఏమిటంటే, కొన్ని కీబోర్డులు చివరి పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. పొల్లు తరువాతి అక్షరంతో కలిసిపోకుండా ఆపడానికి యూనికోడ్‌లో ఉన్న ఏర్పాటు అది. మన కంటికి లేనిది యంత్రానికి ఉంది. పోల్చే ముందు ఇలాంటివి తీసివేసేలా సాంకేతిక బృందం చూడాలి, లేదంటే చిన్న జవాబులను మనుషులే మరోసారి చూడాలి. విద్యార్థి ఫిర్యాదు చేస్తే తప్ప బయటపడని తప్పు ఇది. అందరూ ఫిర్యాదు చేయరు.

ఇక రిహార్సల్స్. ఫిన్‌లాండ్ తమ ఉన్నత మాధ్యమిక విద్య చివరి పరీక్షను కంప్యూటర్ మీదికి మార్చిన తీరు చూడండి. 2016 శరత్కాలంలో కొన్ని సబ్జెక్టులతో మొదలుపెట్టి, 2019 వసంతానికి గణితంతో ముగించారు. అన్నీ ఒక్కసారి మార్చలేదు. విద్యార్థి సొంత లాప్‌టాప్‌నే యూఎస్‌బీ స్టిక్‌తో పరీక్ష వ్యవస్థలోకి తెరిచేవారు. పరీక్షను నడిపే కంప్యూటర్, అంటే సర్వరు, పాఠశాలలోనే ఉండేది, ఇంటర్నెట్ తెగిపోయినా పరీక్ష ఆగేది కాదు. నాకు అన్నిటికంటే నచ్చింది మరొకటి. అబిట్టి అనే అదే తరహా వ్యవస్థను మామూలు తరగతి పరీక్షలకు వాడుకోమని ముందే పాఠశాలలకు ఇచ్చారు. అసలు పరీక్ష నాటికి విద్యార్థికీ, ఇన్విజిలేటర్‌కూ ఆ తెర కొత్త కాదు. మీరూ మొదటి ఏడాది మార్కులు లెక్కించని చిన్న క్విజ్‌లతోనే సరిపెట్టుకోండి. వాటి లాభం వాటికీ ఉంది. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ చదివినవారి కంటే గుర్తు తెచ్చుకుని రాసినవారికే వారం తరువాత ఎక్కువ గుర్తుంది.

కాపీయింగ్ గురించి అడుగుతారని తెలుసు. ఇంటి దగ్గర రాసే పరీక్షకు కెమెరాతో గది అంతా తిప్పి చూపించమనే పద్ధతి నాకు ఇష్టం లేదు. 2022లో అమెరికాలోని ఒహాయోలో ఒక ఫెడరల్ కోర్టు ప్రభుత్వ విశ్వవిద్యాలయం చేసిన అలాంటి గది తనిఖీని రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. నిఘా తప్పనిసరి అయిన పరీక్షను కాలేజీ గదిలోనే, మనిషి ఎదుటే పెట్టండి. మిగతావాటికి, పుస్తకం తెరిచినా జవాబు దొరకని ప్రశ్నలు రాయండి. మళ్లీ అధ్యాపకుడి సమయం దగ్గరికే వచ్చాం.

చూపు లేని విద్యార్థి, తెరమీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పరీక్ష రాస్తున్నప్పుడు, పటం ఉన్న చోట దానికి బదులు "చిత్రం" అన్న మాట మాత్రమే వినబడితే ఆ ప్రశ్న అతనికి లేనట్టే. ప్రతి పటానికీ వివరణ రాయాలి. మౌస్‌తో లాగి పెట్టే ప్రశ్నలను కీబోర్డుతోనూ పూర్తి చేయగలగాలి. అదనపు సమయం ఎవరికి ఇవ్వాలో పరీక్ష రోజు ఉదయం కాక, ముందే నమోదై ఉండాలి.

సాఫ్ట్‌వేర్ సంగతికి వద్దాం. మూడ్ల్ ఉచితం, 2002 నుంచి ఉంది, ఇందాక చెప్పిన తరహా విశ్లేషణ నివేదికలు అందులో ఉన్నాయి. అయితే సర్వరును చూసుకునే మనిషి కావాలి, ఆ ఖర్చు ఉచితం కాదు. ఏది తీసుకున్నా సరే, ప్రశ్నలను ఒక వ్యవస్థ నుంచి మరో వ్యవస్థకు తరలించేందుకు క్యూటీఐ అనే ప్రమాణం ఉంది. "మాది దానికి అనుగుణమే" అని అమ్మకందార్లు అందరూ అంటారు. సంతకం పెట్టకముందే మీ ప్రశ్నలు పది వారి చేతికిచ్చి, ఎక్కించి, తిరిగి బయటికి తీసి, మరో వ్యవస్థలో తెరిచి చూపించమనండి. పటాలూ, సూత్రాలూ, ఒక్కో ఐచ్ఛికం కింద మీరు రాసుకున్న ఆ రెండు వాక్యాలూ చెదరకుండా వస్తే, అప్పుడు ధర గురించి మాట్లాడండి.