నల్లనీళ్ళలో పోయిన సోడా

శ్రోతలందరికీ నమస్కారం.

సరుగుడు కర్రలో, సుబాబుల్ దుంగలో నింపుకున్న లారీ వెనక ఇరుక్కోనివాళ్ళు మన గోదావరి జిల్లాల్లో ఉండరు. కర్రల కొసలకి ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. అది మన ముందు ఊగుతూనే ఉంటుంది, దారి మాత్రం ఇవ్వదు. ఆ కర్ర పేపరు మిల్లుకి పోతుంది. అదే రోడ్డుకి అటూ ఇటూ, కోతలయ్యాక, కంటికి ఆనినంత మేర వరిగడ్డి. "గడ్డితో కూడా కాగితం చేస్తారట కదండీ, మరి ఇంత గడ్డి పెట్టుకుని ఎక్కడెక్కడి కర్రో ఎందుకు మోస్తున్నారు?" అని ఒక రైతు అడిగాడు. మంచి ప్రశ్న. గడ్డితో కాగితం చేస్తారు, నిజమే. చైనాలో చేశారు, మన దేశంలో చిన్న మిల్లులూ చేశాయి. కానీ చిక్కు కాగితం దగ్గర లేదు, కాగితం చేశాక మిగిలే నల్లనీళ్ళ దగ్గర ఉంది. కాబట్టి ఈవేళ కాగితం సంగతి కాస్త పక్కనపెట్టి, ఆ నల్లనీళ్ళ వెంట వెళ్దాం.

కర్రలో పీచు ఉంటుంది. ఆ పీచుని పట్టి ఉంచే లిగ్నిన్ అనే జిగురు ఉంటుంది. జిగురుని కరిగిస్తే పీచు విడివడుతుంది, అదే పల్పు. కర్రని చిప్స్ కొట్టి, డైజెస్టర్ అనే పెద్ద కుక్కర్‌లో వేసి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన నీళ్ళతో 160, 170 డిగ్రీల దాకా ఉడికిస్తారు. 1879లో కార్ల్ దాల్ అనే రసాయనజ్ఞుడు అప్పటి జర్మనీలోని డాంజిగ్‌లో కనిపెట్టిన పద్ధతి ఇది. ఉడికాక చూస్తే కర్రలో దాదాపు సగమే పల్పుగా చేతికొస్తుంది. మిగతా సగం కరిగి నీళ్ళలో కలిసిపోయింది. వేసిన సోడా కూడా ఆ నీళ్ళలోనే ఉంది. మిల్లులో దీన్ని బ్లాక్ లిక్కర్ అంటారు. టన్ను పల్పుకి ఇది ఏడు నుంచి పది టన్నులు వస్తుంది. అంటే మిల్లు తయారుచేసేది కాగితం కంటే నల్లనీళ్ళే ఎక్కువ!

ఇప్పుడు ఆ సోడా ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. రూపం మార్చుకుంది, అంతే. దాన్ని తిరిగి పట్టుకోవాలి.

మొదటి పని పల్పుని కడగడం. చూడ్డానికి చిన్న పనే. కానీ ఎక్కువ నీళ్ళు పోసి కడిగితే సోడా బాగా దిగుతుంది, పోసిన ప్రతి బిందె నీళ్ళనీ తర్వాత మరగబెట్టి ఆవిరి చెయ్యాల్సి వస్తుంది. తక్కువ పోస్తే ఆవిరి ఖర్చు మిగులుతుంది, సోడా పల్పుతోపాటు వెళ్ళిపోతుంది. అందుకని శుభ్రమైన నీళ్ళని చివర్లో, బాగా కడిగిన పల్పు మీద పోస్తారు. అక్కడ దిగిన నీళ్ళని వెనక్కి తెచ్చి అంతకంటే మురికిగా ఉన్న పల్పు మీద, ఆ నీళ్ళని ఇంకా వెనక్కి. నీరు ఒకవైపు, పల్పు ఇంకోవైపు నడుస్తాయి. ఈ పొదుపు చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది.

ఇలా చేరిన నల్లనీళ్ళలో నూటికి పదిహేను పాళ్ళే సరుకు, మిగతాదంతా నీరు. అది మండదు. మండాలంటే చిక్కబడాలి. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళెవరైనా వింటుంటే ఇక్కడ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు: చెరుకు రసం చిక్కబరిచే ఎవాపరేటర్ల వరసే పేపరు మిల్లులోనూ ఉంటుంది. మొదటి పాత్రలో లేచిన ఆవిరి రెండో పాత్రని మరిగిస్తుంది, రెండోదాని ఆవిరి మూడోదాన్ని. ఒక కిలో ఆవిరి పెట్టి నాలుగైదు కిలోల నీరు తోలేస్తారు. చివరి పాత్ర దాటేసరికి సరుకు నూటికి అరవై అయిదు, డెబ్భై పాళ్ళకి చేరి, ముదురు బెల్లం పాకంలా సాగుతుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు, రికవరీ బాయిలర్. దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చినవాడు కెనడాకి చెందిన టామ్లిన్సన్, 1930ల మొదట్లో. చాలా అంతస్తుల ఎత్తున్న కొలిమి. చిక్కబడ్డ నల్లనీళ్ళని అందులోకి చినుకులుగా చిమ్ముతారు. చినుకు కింద పడేలోపే ఆరి, కాలడం మొదలవుతుంది. మండేది లిగ్నిన్, అంటే ఒకప్పుడు కర్రలో ఉన్న జిగురు. ఆ వేడికి ఆవిరి పుడుతుంది, టర్బైన్ తిరుగుతుంది, మిల్లుకి కరెంటు వస్తుంది. సోడా మాత్రం కాలదు. కరిగి అడుగుకి దిగుతుంది. ఆ అడుగున కావాలనే గాలి తక్కువగా ఇస్తారు. ఎందుకంటే మొదట్లో వేసిన సల్ఫైడ్‌లోని గంధకం ఆక్సిజన్‌ని వదులుకుని మళ్ళీ సల్ఫైడ్‌గా మారాలి. పైన గాలి ఎక్కువ ఇచ్చి పూర్తిగా మండిస్తారు, కింద గాలి బిగబట్టి రసాయనం చేస్తారు. ఒకే కొలిమిలో రెండు పనులు! కింద గొట్టంలోంచి ఎర్రగా, నీళ్ళలా పల్చగా కారేదాన్ని స్మెల్ట్ అంటారు, 800 డిగ్రీల పైమాటే. దీని దగ్గర పనిచేసేవాళ్ళకి ఒకటే టెన్షన్, నీళ్ళు. బాయిలర్ ట్యూబు చిల్లుపడి కొలిమిలోకి నీరు దిగితే, నీరూ స్మెల్టూ కలిస్తే, పేలుడే. ఆ అనుమానం వచ్చిందంటే క్షణం ఆలోచించకుండా ప్లాంటు ఆపేసి, అందరూ దూరంగా వెళ్ళిపోతారు.

స్మెల్ట్‌ని జాగ్రత్తగా నీళ్ళలో కరిగిస్తే ఆకుపచ్చగా ఒక ద్రవం వస్తుంది, గ్రీన్ లిక్కర్. ఇందులో సల్ఫైడ్ సిద్ధంగానే ఉంది. కాస్టిక్ మాత్రం లేదు, దాని బదులు బట్టల సోడా, అదే సోడియం కార్బొనేట్ ఉంది. దాన్ని కాస్టిక్‌గా మార్చేది ఏమిటంటే, సున్నం. మన ఇళ్ళకి వేసిన సున్నమే. సున్నం కలిపితే కాస్టిక్ సోడా నీళ్ళలో ఉంటుంది, సున్నం తెల్లటి మడ్డిగా అడుగుకి దిగుతుంది. పైన తేరిన నీళ్ళు తిరిగి డైజెస్టర్‌కి వెళ్తాయి. మొదట్లో కర్రని ఉడికించిన నీళ్ళు ఇవే, మళ్ళీ ఇవే. మరి అడుగున దిగిన మడ్డి? అదీ పారెయ్యరు. పూర్వం గుల్లల్ని బట్టీలో కాల్చి గుల్లసున్నం చేసేవారు కదా, రసాయనం దృష్టితో చూస్తే ఆ గుల్ల ఏదో ఈ మడ్డీ అదే. దాన్నీ బట్టీలో కాలుస్తారు, మళ్ళీ సున్నం. సోడా ఒక చుట్టు తిరుగుతోంది, సున్నం ఇంకో చుట్టు తిరుగుతోంది. బాగా నడిచే మిల్లులో నూటికి తొంభై అయిదు పాళ్ళకి పైగా రసాయనం ఇలా తిరిగొచ్చేస్తుంది. గంధకం పుణ్యమా అని వాసన మాత్రం కొంత గాల్లోకి పోతుంది. పేపరు మిల్లున్న ఊళ్ళవాళ్ళకి దాని సంగతి నేను చెప్పాలా?

సరే, ఇప్పుడు వరిగడ్డి దగ్గరికి వద్దాం. వరి ఆకుని వేళ్ళ మధ్య పెట్టి కొస నుంచి వెనక్కి లాగి చూడండి, అంచు చర్మాన్ని గీరేస్తుంది. ఆ గరుకు సిలికాది, ఇసకలో ఉండే పదార్థమే. వరి మొక్క నేలలోంచి సిలికాని తెగ తాగుతుంది. ఊకని కాలిస్తే నూటికి ఇరవై పాళ్ళ దాకా బూడిద మిగిలేదీ, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికానే కావడమూ ఇందుకే. మండపేట, రామచంద్రపురం వైపు రైస్ మిల్లులవాళ్ళకి ఆ బూడిదతో రోజూ ఉండే గోలే. కర్రలో సిలికా చాలా తక్కువ. గడ్డిని సోడాలో ఉడికిస్తే ఆ సిలికా కరిగి నల్లనీళ్ళలోకి వస్తుంది. అక్కడ మొదలవుతుంది తంటా. నల్లనీళ్ళు చిక్కబడుతుంటే జావలా బిగుసుకుపోతాయి. ఎవాపరేటర్ ట్యూబుల్లో గట్టి పెచ్చు కడుతుంది. అంతా దాటి సున్నం దాకా వస్తే, ఆ మడ్డిలోనూ సిలికా చేరి, కాల్చినా పనికిరాని సున్నం అవుతుంది. అటు సోడా తిరిగే చుట్టు తెగుతుంది, ఇటు సున్నం తిరిగే చుట్టు కూడా తెగుతుంది.

దీనికి మందు లేదా అంటే ఉంది. నల్లనీళ్ళలోకి కార్బన్ డయాక్సైడ్ పంపి క్షారం కొంచెం తగ్గిస్తే సిలికా విడిపోయి దిగుతుంది. కానీ అదో ప్లాంటు, అదో ఖర్చు. రికవరీ బాయిలర్ ఎలాగూ చిన్న మిల్లు భరించేది కాదు. అందుకే గడ్డితో నడిచిన చిన్న మిల్లులు చాలా కాలం సోడాని తిరిగి పట్టుకోకుండానే నడిచాయి. 2003లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలతో చేసుకున్న ఒప్పందంలో ఇలాంటి మిల్లులకి ముఖ్యంగా రెండు దారులు చూపించారు: రికవరీ పెట్టుకోండి, లేదంటే పాత కాగితానికి మారండి.

మన డెల్టాకి ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆ సోడా కాలవలో కలిస్తే ఏమవుతుందో రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. చౌడు. సోడియం పట్టిన బంకమట్టి ఆరితే బిగుస్తుంది, తడిస్తే అడుసవుతుంది, నీరు ఇంకదు. మామూలు శుద్ధి చెరువులో సూక్ష్మజీవులు కొంత మురికిని తింటాయి, సోడియాన్ని తినలేవు. లిగ్నిన్ గోధుమరంగు కూడా అంత తేలిగ్గా పోదు. పైగా మన కాలవ నీళ్ళు చేలకే కాదు, తాగడానికీ అవే.

అందుకని ఒక్క మాట, పనికొచ్చే మాట. గడ్డితో పల్పు మిల్లు పెడతామని ఎప్పుడైనా ఎవరైనా మీ ఊరు వస్తే సంతోషించండి, గడ్డికి ధర వస్తుంది. కొత్త పల్పు మిల్లుకి కేంద్ర ప్రభుత్వం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి, దానికి మామూలుగా ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. ఆ సభకి వెళ్ళండి. ఉద్యోగాల గురించి అందరూ అడుగుతారు, అడగనివ్వండి. మీరు మూడు ప్రశ్నలు అడగండి. నల్లనీళ్ళని ఏం చేస్తారు? సిలికాని ఎక్కడ తీస్తారు? టన్ను పల్పుకి కొత్తగా ఎంత సోడా కొంటారు? మూడోది మర్చిపోవద్దు. మొదటి రెండింటికీ మాటలతో జవాబు చెప్పొచ్చు, మూడోదానికి అంకె చెప్పాలి. ఎంత సోడా కొంటున్నారో, ఇంచుమించు అంత సోడా ఎక్కడికో పోతోందన్నమాట. మీ ప్రశ్న, వాళ్ళ అంకె, రెండూ సభ కార్యక్రమాల నివేదికలో రాయించి మరీ రండి.

ఉంటాను, నమస్కారం.