కౌంటీ సభలో మన మాట

పెద్దలకు, సోదరీసోదరులకు నమస్కారం.

కాలిఫోర్నియాలో మనముంటున్న శాంటా క్లారా కౌంటీ (మన జిల్లా లాంటిది) జనాభా 19 లక్షలు దాటింది. ఇంతమందికి ప్రభుత్వ ఆసుపత్రులు, జైళ్ళు, ఎన్నికల నిర్వహణ, వృద్ధుల సంక్షేమం చూసేది ఓటర్లు ఎన్నుకున్న అయిదుగురు సభ్యుల సూపర్‌వైజర్ల బోర్డు. దివాలా తీసిన సంస్థ నుంచి ఓకానర్, సెయింట్ లూయీస్ ఆసుపత్రులను 2019లో సుమారు 23.5 కోట్ల డాలర్లకు కొన్నది ఈ కౌంటీయే. మన తెలుగువాళ్ళు అధ్యక్ష ఎన్నికల గురించి తెల్లవార్లూ వాదించుకుంటారు. మన ప్రాంతపు సూపర్‌వైజర్ ఎవరని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేరు. ఈ ఉదాసీనత నాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

'మనకు ఓటు లేదు, వీసా మీద ఉన్నాం, మనకెందుకు?' అంటారు. ఇలాంటి బోర్డుల సమావేశాలు ప్రజలందరికీ తెరిచి ఉండాలని చెప్పే బ్రౌన్ చట్టం కాలిఫోర్నియాలో 1953 నుంచి ఉంది. సభకు రావాలంటే పేరు రాయాలని, వివరాలు నింపాలని ఎవరూ షరతు పెట్టకూడదు. మామూలు సమావేశానికి కనీసం 72 గంటల ముందు ఎజెండా అందరికీ కనిపించేలా పెట్టాలి. అందులోని ఏ అంశంపైనైనా, బోర్డు నిర్ణయం తీసుకునేలోపు మాట్లాడే హక్కు వచ్చినవారందరికీ ఉంది. పౌరసత్వం ప్రసక్తే లేదు.

ఇంగ్లీషు రాదని అమ్మానాన్నలను ఇంట్లో ఉంచకండి. ఒక్కొక్కరికీ ఇంత సమయమని పరిమితి పెట్టినప్పుడు, అనువాదకుల ద్వారా మాట్లాడేవారికి దానికి రెట్టింపు సమయం ఇవ్వాలి. అప్పటికప్పుడే అనువాదం వినిపించే పరికరాలున్న చోట తప్ప ఇది చట్టం. మీ అమ్మగారు తెలుగులో రెండు వాక్యాలు చెబుతారు, మీరు పక్కన నిలబడి ఇంగ్లీషులో చెబుతారు. బోర్డు వినాలి.

ఎజెండా చదవడం మాత్రం నేర్చుకోవాలి. చర్చ అక్కర్లేదనుకున్న అంశాలన్నీ ఒకచోట చేర్చి ఒకే ఓటుతో ఆమోదిస్తారు. కాంట్రాక్టుల పొడిగింపు లాంటివి ఎక్కువగా అక్కడే ఉంటాయి. పెద్దవాళ్ళు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళే కేంద్రం సంగతి కూడా ఆ జాబితాలోనే ఉండవచ్చు. అందుకని పెద్ద అక్షరాల్లో ఉన్న అంశాలు చూసి ఎజెండా పక్కన పెట్టేయకండి.

ఇక బోర్డుకు సలహాలిచ్చే కమిషన్ల సంగతి. నా దృష్టిలో అసలు పని ఇక్కడే ఉంది. బోర్డు ముందుకు వచ్చేసరికి చాలా విషయాలు ఒక రూపానికి వచ్చేసి ఉంటాయి. ఆ రూపం ఇచ్చే చోట మనం ఉండాలి. మానసిక ఆరోగ్యాన్నే తీసుకోండి. ప్రతి కౌంటీకీ దీనిపై ఒక సలహా బోర్డు ఉండాలని రాష్ట్ర చట్టం చెబుతుంది. అందులో కనీసం సగం మంది స్వయంగా చికిత్స పొందుతున్నవారో, పొందినవారో, వారి కుటుంబ సభ్యులో అయి ఉండాలి. మన ఇళ్ళలో కొడుక్కి మానసికంగా బాగోలేదని చెప్పుకోవడానికి తల్లి సిగ్గుపడుతుంది. పెళ్ళి సంబంధాలు రావని భయపడుతుంది. ఆ తల్లి అనుభవాన్నే అక్కడ అర్హతగా చూస్తారు. ఆమె ఆ కుర్చీలో కూర్చుంటే, తెలుగు తెలిసిన కౌన్సెలర్ దొరక్క కుటుంబాలు ఎంత నలిగిపోతున్నాయో అధికారులకు నేరుగా తెలుస్తుంది. ఆమె లేకపోతే ఆ సంగతి ఎవరి నివేదికలోకి ఎక్కుతుంది?

ఇలాంటి కమిషన్లలో, సలహా బోర్డుల్లో ఖాళీలు ఎలా తెలుస్తాయంటారా? 1975 నాటి మ్యాడీ చట్టం ప్రకారం మరుసటి ఏడాది ముగిసే పదవుల జాబితాను, వాటికి కావలసిన అర్హతలతో సహా, ఏటా డిసెంబరు 31లోగా సిద్ధం చేయాలి. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే 20 రోజుల్లో ఆ ఖాళీని ప్రకటించాలి. ఒక్కో పదవికి ఒక్కో నిబంధన ఉంటుంది కాబట్టి అర్హతలు చూసుకోండి. సరిపోతే ఆలస్యం చేయకండి. జీతం రాదు, సాయంత్రాలు పోతాయి, కాగితాలు బోలెడు చదవాలి. అంత శ్రమకూ తగిన పనే.

సభ ముగిశాక ఆ మూల బల్ల దగ్గర ఉంటాను. బోర్డు తర్వాతి సమావేశం ఎజెండా ప్రతులు తెచ్చాను. మీ ఇంటికి సంబంధించిన అంశం అందులో ఏముందో కలిసి వెతుకుదాం. మాట్లాడేందుకు ముందుకొచ్చేవారికి ఏం చెప్పాలో రాసుకోవడంలో సాయం చేస్తాను.