ఇన్సులిన్ పంపు స్టిక్కర్ కింద దురద, పొక్కులు: ఫోన్-ఇన్ నుంచి కొంత భాగం

యాంకర్: గుంటూరు నుంచి కాలర్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండి మేడమ్. మా పాపకి తొమ్మిదేళ్లు, టైప్ వన్ షుగర్. ఇన్సులిన్ పంపు పెట్టించాం. స్టిక్కర్ అంటించిన చోటల్లా ఎర్రబడుతోంది, రాత్రంతా గోక్కుంటుంది. మా అత్తగారు పసుపు రాయమంటే రాశాం. అసలే ఎండలు, చెమట... పంపు తీసేయమంటారా?

డాక్టర్: ఆగండమ్మా. ఎరుపు సూది దిగిన చోటేనా, స్టిక్కర్ మేరంతా ఉందా?

కాలర్: స్టిక్కర్ మేరంతానండి. చిన్న చిన్న నీటి పొక్కులు కూడా.

డాక్టర్: అయితే ఆ జిగురు పడటం లేదేమో. కొన్ని జిగుర్లలో ఐసోబోర్నైల్ అక్రిలేట్ లాంటి రసాయనాలుంటాయి, కొందరికి అలర్జీ. స్కిన్ డాక్టర్ ప్యాచ్ టెస్ట్ చేస్తే, అంటే ఆ రసాయనాలు కొద్దిగా చర్మానికి అంటించి చూస్తే, తేలుతుంది. ఈలోగా వేరే రకం సెట్టు, అంటే ఒంటికి అంటించే ఆ సూదీ స్టిక్కరూ, దొరుకుతుందేమో మీ డాక్టర్‌ని అడగండి. చర్మానికీ స్టిక్కర్‌కీ మధ్య బారియర్ స్ప్రే కొందరికి పనిచేస్తుంది. పసుపు మానేయండి. మెడికల్ షాపులో ఇచ్చే స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ అసలు వద్దు.

కాలర్: కొబ్బరినూనె రాయొచ్చాండి?

డాక్టర్: అంటించే ముందు రాస్తే స్టిక్కర్ ఊడుతుంది. తీసేటప్పుడు మాత్రం అంచులకి రాసి మెల్లగా లాగండి, చర్మం లేవదు. తర్వాత సబ్బుతో కడగండి.

కాలర్: సరేనండి. అంటే ఓ వారం పంపు తీసి ఉంచమంటారా?

డాక్టర్: అమ్మా, వద్దు! అందులో ఉండేది తొందరగా పనిచేసి తొందరగా అయిపోయే ఇన్సులిన్ ఒక్కటే. ఆగితే కొన్ని గంటల్లోనే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరుగుతాయి, అది ప్రమాదం. తప్పనిసరై తీస్తే మీ డాక్టర్ రాసిచ్చిన డోసు ఇంజెక్షన్‌గా పడాల్సిందే. ఇంట్లో ఇన్సులిన్ పెన్ను ఉందా?

కాలర్: ఫ్రిజ్‌లో ఉందండి.

డాక్టర్: డేటు చూసుకోండి. భయపడకండి, ఇది సర్దుకునేదే.

యాంకర్: కరీంనగర్ నుంచి, చెప్పండి సార్.

కాలర్: మేడమ్, మా బాబుకి పొట్ట మీద పంపు సెట్టు పెట్టే చోట గడ్డలాగ అయ్యింది. నొప్పి లేదు. అక్కడైతే గుచ్చినా నొయ్యదని అక్కడే పెట్టమంటడు.

డాక్టర్: అది అలర్జీ కాదు, ఒకేచోట పెట్టడం వల్ల కొవ్వు పేరుకుంది. అక్కడ ఇన్సులిన్ ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. కొన్ని నెలలు ఆ చోటు వదిలేయండి. కొత్త చోట ఇన్సులిన్ బాగా ఎక్కి, అదే డోసు ఎక్కువై షుగర్ పడిపోవచ్చు, ముందు డాక్టర్‌తో మాట్లాడండి. సెట్టు ఎన్ని రోజులకి మారుస్తున్నారు?

కాలర్: ఐదు రోజులు. రేటెక్కువ కదా మేడమ్.

డాక్టర్: రేటు తెలుసండీ. అయినా రెండు మూడు రోజులకి మార్చాల్సిందే.

యాంకర్: థాంక్యూ సార్. విజయవాడ నుంచి...

కాలర్: మేడమ్, పాపకి సూది చోట చీము, వేడిగా ఉంది, జ్వరం...

డాక్టర్: ఫోన్ పెట్టేయండి. ఆ సెట్టు తీసి ఇంకోచోట కొత్తది పెట్టి, ఇప్పుడే ఆస్పత్రికి వెళ్లండి. కొత్తది లేకపోతే ఇంజెక్షన్ ఇవ్వండి, ఇన్సులిన్ ఆగకూడదు.

యాంకర్: లైన్ కట్ అయింది. నెక్స్ట్ కాలర్?