“ఈ పూటకి తీసుకెళ్లండి” అనేదీ సస్పెన్షనే

అందరికీ నమస్కారం.

అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వాల నిధులతో నడిచే ప్రీస్కూళ్ల నుంచి వెయ్యికి 6.67 మంది పిల్లల్ని తీసేస్తున్నారని 2005లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు వాల్టర్ గిలియమ్ లెక్క తేల్చారు. పెద్ద పిల్లల బడుల్లో కన్నా ఇది మూడు రెట్లకు పైమాటే. కొరికారనీ, కొట్టారనీ ఇంటికి పంపింది మూడు నాలుగేళ్ల పసివాళ్లని! ఆ శిక్ష అందరికీ సమానంగా పడదు. 2011-12లో ప్రభుత్వ ప్రీస్కూళ్లలో నల్లజాతి పిల్లలు 18 శాతం. ఒకటికి మించి సస్పెన్షన్లు పడ్డవాళ్లలో మాత్రం 48 శాతం.

హెడ్ స్టార్ట్ అంటే పేద కుటుంబాల పసిపిల్లల కోసం అమెరికా కేంద్ర ప్రభుత్వం నడిపే పథకం. దాని 2016 నిబంధనలు ప్రవర్తన సాకుతో బిడ్డను తీసేయడాన్ని నిషేధించాయి. తీవ్రమైన ప్రమాదం ఉండి, ఇంకే దారీ లేనప్పుడే తాత్కాలికంగా ఆపాలి. అదైనా తల్లిదండ్రులతో, మానసిక ఆరోగ్య సలహాదారుతో మాట్లాడాకే. ఇల్లినాయిస్‌లో 2018 జనవరి 1 నుంచి బహిష్కరణ నిషేధం.

బడులు చట్టాన్ని తప్పించుకునేది ఫోన్ దగ్గర. “బాబు ఈ రోజు కుదురుగా లేడు, వచ్చి తీసుకెళ్లండి.” ఇది ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. వారానికి మూడుసార్లు పని వదిలి పరుగెత్తిన తల్లి చివరికి తానే బిడ్డను మాన్పించేస్తుంది. కాబట్టి ఇలాంటి ప్రతి ఫోనునూ తేదీ, సమయం, కారణంతో రాసిపెట్టాలని బడి నియమావళిలో ఉండి తీరాలి.

టీచర్లూ, బిడ్డ కొరికిన ప్రతిసారీ మూడు సంగతులు రాయండి: ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేశాడు, తర్వాత ఏమైంది. పది రోజులు రాస్తే, అన్నం ముందు చేతులు కడుక్కునే వరుసలోనే కొరుకుతున్నాడని తేలవచ్చు. పద్దెనిమిది మందికి ఒకటే కుళాయి, చివర నిలబడ్డ ఆకలి బిడ్డ. వాణ్ని ముందు పంపండి, వరుసను ఆరుగురి చొప్పున విడగొట్టండి. ఇంటికి పంపితే మాత్రం, కొరికితే అమ్మ వస్తుందని వాడు నేర్చుకుంటాడు.

మానసిక ఆరోగ్య సలహాదారు పని బిడ్డకు వైద్యం చేయడం కాదు. తరగతిలో కూర్చుని గమనించి, టీచరుకు దారి చూపడం. అలాంటి మనిషి క్రమం తప్పకుండా వచ్చే తరగతుల్లో బహిష్కరణలు తక్కువని గిలియమ్ అధ్యయనంలోనే తేలింది. టీచరు పని ఒత్తిడితోనూ బహిష్కరణలకు సంబంధం ఉంది.

ఇక మన ఇళ్లలో తెలుగే మాట్లాడే పిల్లలు. “నాది” అన్నా, “వద్దు” అన్నా అర్థం చేసుకునేవాళ్లు లేక చెయ్యి చేసుకునే బిడ్డలున్నారు. చేర్పించే రోజే నీళ్లు, ఆకలి, ఉచ్చ, నొప్పి, నాది, వద్దు, చాలు అనే మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, పక్కన అర్థం పెట్టి టీచరుకివ్వండి. కుళాయి పక్కన గోడకి అతికించమని అడగండి.